లాయర్ మోసం చేస్తే బార్ కౌన్సిల్‌లో ఫిర్యాదు ఎలా చేయాలి

కేసు ఓడిపోయిన కోపంలో లాయర్ మీద ఫిర్యాదు రాసేవాళ్లు కొందరు. నిజంగానే మోసపోయి, "ప్లీడర్లతో మనకెందుకు, రేపు ఇంకో లాయర్ కూడా మన కేసు పట్టడు" అని నోరు మూసుకునేవాళ్లు ఇంకొందరు. మొదటి రకం ఫిర్యాదులు గడప దాటవు. రెండో రకం వాళ్ల దగ్గర బలమైన విషయం ఉంటుంది గానీ, దాన్ని ఎక్కడ పెట్టాలో, ఎలా పెట్టాలో తెలియదు. ఇది వాళ్ల కోసం.

లాయర్లను నమోదు చేసుకుని, తప్పు చేస్తే శిక్షించే సంస్థ బార్ కౌన్సిల్. దాని ముందు నిలబడేది ఒక్కటే: లాయర్ మీకు చెప్పిన మాటకూ, కోర్టు రికార్డులో ఉన్నదానికీ మధ్య తేడా. ఆ తేడాను కాగితం మీద చూపించగలిగితే మీ పని సగం అయినట్టే. చూపించలేకపోతే ఎంత నష్టపోయినా వినేవాళ్లు "అయ్యో" అని ఊరుకుంటారు. కింద చెప్పే పనులన్నీ ఆ తేడాను పట్టుకోవడానికే.

ఏది మోసం, ఏది కాదు

అడ్వకేట్స్ యాక్ట్, 1961లోని 35వ సెక్షన్ ప్రకారం, "వృత్తిపరమైన లేదా ఇతర దుష్ప్రవర్తన"కు పాల్పడిన లాయర్‌ను శిక్షించే అధికారం రాష్ట్ర బార్ కౌన్సిల్‌ది. దుష్ప్రవర్తన అంటే ఏమిటో చట్టం విడమరిచి చెప్పలేదు, కోర్టులే చెబుతూ వచ్చాయి. 1963లో సుప్రీంకోర్టు ఒక లాయర్ కేసులో గీసిన గీత ఇప్పటికీ పనికొస్తుంది. పొరపాటు చేయడం, అంచనా తప్పడం, మామూలు నిర్లక్ష్యం దుష్ప్రవర్తన కిందికి రావు. చేసిన పనిలో నీతి తప్పిన బుద్ధి కనిపించాలి.

అంటే లాయర్ సరిగ్గా వాదించలేదు, సాక్షిని అడగాల్సిన ప్రశ్న అడగలేదు, ఫీజు ఎక్కువ తీసుకున్నాడు, ఫోన్ ఎత్తడు అన్నవి ఒంటిగా నిలబడవు. కేసు వేయకుండానే వేశానని చెప్పడం, లేని వాయిదాలు చెప్పడం, కోర్టులో మీ పేరిట జమ అయిన డబ్బు తీసుకుని మీకు చెప్పకపోవడం, మీ సంతకం ఫోర్జరీ చేయడం, ఖాళీ కాగితం మీద తీసుకున్న సంతకంతో రాజీ పత్రం పెట్టడం, ఎదుటి పక్షంతో కుమ్మక్కవడం, వ్యాజ్యంలో ఉన్న మీ ఆస్తిని తానే కొనుక్కోవడం, జడ్జికి ఇవ్వాలంటూ డబ్బు అడగడం మాత్రం నిస్సందేహంగా ఈ కోవలోకే వస్తాయి.

తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ ఒకటుంది. తన ఎదుట సంతకం పెట్టని మనిషి పేరిట ఉన్న అఫిడవిట్‌ను, తన ముందే పెట్టినట్టు ధ్రువీకరించిన ఒక లాయర్ వ్యవహారం ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1984లో కోర్టు ఆయన్ను 5 ఏళ్లు ప్రాక్టీసు చేయకుండా సస్పెండ్ చేసింది. "ఒక్క సంతకమే కదా" అనుకునే పని అది. లాయర్ సంతకాన్ని నమ్మే కాగితం ముందుకు కదులుతుంది కాబట్టే అంత శిక్ష.

ఎదుటి పక్షం లాయర్ మీద ఫిర్యాదు చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. చట్టం అడ్డుచెప్పదు. కానీ తన క్లయింట్ చెప్పింది రాసి కోర్టులో పెట్టడం లాయర్ పని. ఆ రాసిన దాంట్లో అబద్ధం ఉన్నంత మాత్రాన లాయర్ అబద్ధం ఆడినట్టు కాదు. దొంగ పత్రం తయారీలో లాయర్ చెయ్యి ఉందని చూపించగలిగితేనే అటు వెళ్లండి.

1. ఫిర్యాదు కంటే ముందు కేసును కాపాడుకోండి

మోసం బయటపడగానే మనసంతా లాయర్ మీదకే పోతుంది. ఈలోగా అసలు కేసు చేజారిపోతుంది. ముందు కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ యాప్‌లో గానీ వెబ్‌సైట్‌లో గానీ కేసు స్థితి చూడండి. ఒక్కో కేసుకు విడిగా ఇచ్చే సీఎన్‌ఆర్ నంబర్ (అక్షరాలు, అంకెలు కలిపి 16) ఉంటే క్షణంలో వస్తుంది. లేకపోతే మీ పేరు, సంవత్సరంతో వెతకండి.

పేరుతో వెతికినా ఏమీ రాకపోతే రెండు అనుమానాలున్నాయి. కేసు అసలు వేయలేదు, లేదా వేసినా నంబర్ కాలేదు, అంటే కోర్టు దానికి కేసు నంబర్ ఇవ్వలేదు. రెండోది చాలామందికి తెలియని సంగతి. దావా దాఖలు చేశాక ఆఫీసులో ఏదైనా లోపం కనిపిస్తే, అభ్యంతరాలు రాసి లాయర్‌కు రిటర్న్ చేస్తారు. ఆయన సరిచేసి, ఇచ్చిన గడువులోగా మళ్లీ దాఖలు చేయాలి. చేయకుండా కేసు కాగితాల కట్టను బీరువాలో పడేసి, మీకు మాత్రం "వాయిదా పడింది" అని చెబుతూ నెలలు గడపొచ్చు. కోర్టు ఫైలింగ్ సెక్షన్‌లో అడిగితే ఆ పేరు మీద ఏదైనా దాఖలైందా, ఎప్పుడు రిటర్న్ అయింది అనేది తెలుస్తుంది.

దావా మీరు రాని కారణంగా డిఫాల్ట్‌లో డిస్మిస్ అయి ఉంటే, తిరిగి తెరిపించే పిటిషన్‌కు గడువు డిస్మిస్ అయిన రోజు నుంచి 30 రోజులు. మీరు హాజరు కాలేదని మీ మీద ఏకపక్షంగా తీర్పు (ఎక్స్‌పార్టీ డిక్రీ) వచ్చి ఉంటే దాన్ని రద్దు చేయించుకునే పిటిషన్‌కూ సాధారణంగా 30 రోజులే. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని వేరే పిటిషన్ వేయాలి. అందులో "లాయర్ చెప్పిన అబద్ధం నమ్మాను" అని రాస్తే సరిపోదు, రుజువు అడుగుతారు. బార్ కౌన్సిల్ కోసం మీరు పోగుచేసే కాగితాలే అక్కడా పనికొస్తాయి.

లాయర్‌ను మార్చాలంటే పాత లాయర్ నుంచి నో అబ్జెక్షన్ తీసుకుని కొత్త వకాలత్ (మీ తరఫున వాదించే అధికారం లాయర్‌కు ఇచ్చే పత్రం) వేయడం మామూలు పద్ధతి. ఇవ్వనంటే కోర్టు అనుమతితో పాత వకాలత్‌ను రద్దు చేసుకోవచ్చు, కొత్త లాయర్ పిటిషన్ వేస్తారు. ఊళ్లో ఎవరూ ముందుకు రాకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు వంటి వర్గాలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా లాయర్‌ను ఇస్తారు.

"ఫీజు బాకీ ఉంది, కట్ట ఇవ్వను" అనే మాటకు భయపడనక్కర్లేదు. ఫీజు బాకీ కింద క్లయింట్ కేసు కాగితాలను పట్టి ఉంచుకునే హక్కు లాయర్‌కు లేదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. బాకీ ఉంటే ఆయన వేరే దారిలో వసూలు చేసుకోవాలి. కాగితాలు ఇవ్వకపోవడమే దుష్ప్రవర్తన అవుతుంది.

2. కోర్టు రికార్డు తెచ్చుకోండి

ఇక్కడ తొందర వద్దు. మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టాల్సింది దీనికే.

కోర్టులో కాపీ అప్లికేషన్ వేసి సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. జడ్జిమెంటు, డిక్రీ మాత్రమే అడిగి ఊరుకుంటారు చాలామంది. మీకు అంతకంటే ముఖ్యమైనది డాకెట్ షీట్. ఏ తేదీన కోర్టులో ఏం జరిగింది, ఎవరు హాజరయ్యారు, ఎందుకు వాయిదా వేశారు అన్నది అందులో వరుసగా ఉంటుంది. లాయర్ మీకు "మొన్న వాదనలు బ్రహ్మాండంగా జరిగాయి" అని చెప్పిన రోజున, డాకెట్‌లో "వాది లేడు, వాది తరఫు లాయర్ లేడు" అని ఉంటే, మీ ఫిర్యాదుకు అంతకంటే గట్టి పేజీ ఉండదు.

డబ్బు వ్యవహారమైతే చెక్ పిటిషన్ కాపీ తప్పనిసరి. భూసేకరణ పరిహారం, యాక్సిడెంట్ నష్టపరిహారం, డిక్రీ సొమ్ము వంటివి కోర్టులో జమ అయ్యాక బయటికి తీసుకోవడానికి వేసే పిటిషన్ అది. దాని మీద ఎవరి సంతకం ఉంది, కోర్టు ఏ తేదీన ఆర్డర్ ఇచ్చింది, చెక్ ఎవరి పేరిట వచ్చింది, ఎవరు అందుకున్నారు అనే నాలుగు సంగతులు రాసుకోండి. సంతకం మీది కాకపోతే, అదే కాలంలో మీరు పెట్టిన అసలు సంతకాలు బ్యాంకు కాగితాల్లోనో, రిజిస్టర్డ్ దస్తావేజుల్లోనో వెతికి పక్కన పెట్టుకోండి.

తరువాత మీ వైపు రుజువులు. ఫీజు నగదుగా ఇచ్చి రసీదు తీసుకోకపోవడం మనవాళ్లలో మామూలే. అయినా దారి ఉంది. ఆ రోజు బ్యాంకులో డబ్బు తీసిన ఎంట్రీ, "అందింది సార్" అన్న మెసేజ్, వెంట వచ్చిన మనిషి కలిపితే ఒక రూపం వస్తుంది. ఫోన్‌పేలో గుమాస్తాకు పంపి ఉంటే స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా తీయండి. "డబ్బు గుమాస్తా తీసుకున్నాడు, నాకు తెలియదు" అనే జవాబు రావచ్చు. అందుకే డబ్బు పంపమని లాయరే చెప్పిన మెసేజ్ ఉందేమో ముందే వెతకండి.

వాట్సాప్ సంభాషణలు, కాల్ రికార్డింగులు ఉంటే ఆ ఫోన్ మార్చకండి, ఏదీ చెరపకండి. ఎలక్ట్రానిక్ రుజువు పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. పాత రోజుల్లో 65బి సర్టిఫికెట్ అనేవాళ్లు, ఇప్పటికీ కోర్టుల్లో చాలామంది నోట ఆ మాటే వస్తుంది.

3. లెక్క అడుగుతూ ఒక ఉత్తరం రాయండి

రాష్ట్ర కౌన్సిళ్లకు పైన దేశం మొత్తానికీ ఉన్న బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో ఆరో భాగం, రెండో అధ్యాయం లాయర్ల నడవడి గురించి. క్లయింట్ డబ్బుకు లాయర్ లెక్క రాసి ఉంచాలని, క్లయింట్ తరఫున ఏదైనా సొమ్ము చేతికొస్తే వీలైనంత త్వరగా తెలియజేయాలని, అడిగితే లెక్క కాపీ ఇవ్వాలని అందులో ఉంది. ఆ డబ్బును తాను తీసుకున్న అప్పుగా మార్చుకోకూడదని కూడా ఉంది. "అవసరానికి వాడుకున్నాను, వడ్డీతో ఇస్తాను" అన్న మాట లాయర్‌కు చెల్లదు.

ఈ నియమాలను ఆధారం చేసుకుని పొడి ఉత్తరం ఒకటి రాయండి. ఇలా ఉంటే చాలు:

"ఫలానా కోర్టులో ఫలానా నంబర్ దావాలో మీరు నా తరఫున వకాలత్ వేశారు. ఆ కేసులో నా పేరిట జమ అయిన సొమ్మును ఫలానా తేదీన కోర్టు నుంచి తీసుకున్నట్టు రికార్డులో ఉంది. ఆ సొమ్ము నాకు ఇప్పటివరకు అందలేదు. దాని లెక్క, నా కేసు కాగితాలు ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో ఇవ్వగలరు."

తిట్లు వద్దు, బెదిరింపు అసలే వద్దు. పోస్టులో పంపండి, పంపిన రసీదు, అందినట్టు రుజువు రెండూ దాచుకోండి. జవాబు రాకపోతే అది మీకు రుజువు. వచ్చిన జవాబులో కొత్త అబద్ధం ఉంటే అది ఇంకా పెద్ద రుజువు.

"డబ్బు ఇస్తే ఫిర్యాదు చేయను, లేదంటే నీ సనద్ (లాయర్ లైసెన్సు) పోతుంది" అని మెసేజ్ పెట్టకండి. రేపు అదే స్క్రీన్‌షాట్ చూపించి మీ మీద బెదిరించి వసూలు చేసిన కేసు పెడతారు. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో లాయర్ ఫొటో పెట్టి దొంగ అని రాయడం వల్ల మీకు వచ్చేది పరువు నష్టం నోటీసే.

4. ఏ బార్ కౌన్సిల్‌కు వెళ్లాలి

బార్ అసోసియేషన్ వేరు, బార్ కౌన్సిల్ వేరు. కోర్టు ఆవరణలో ఉండేది అసోసియేషన్. అది లాయర్ల సంఘం. దాని ప్రెసిడెంట్ పెద్దమనిషిగా మాట్లాడి సర్దుబాటు చేయగలరేమో గానీ శిక్ష వేయలేరు. లాయర్‌ను రోల్ (లాయర్ల అధికారిక జాబితా) మీదికి ఎక్కించేది, తీసేసేది రాష్ట్ర బార్ కౌన్సిల్. కేసు విన్న జడ్జిగారికి చెబితే ఆయన సనద్ రద్దు చేస్తారనుకోవడమూ పొరపాటే. కోర్టు ధిక్కారం కేసులో కూడా లాయర్ లైసెన్సు సస్పెండ్ చేసే అధికారం బార్ కౌన్సిల్‌దేనని 1998లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

లాయర్ ఏ రాష్ట్ర రోల్‌లో ఉంటే ఆ కౌన్సిల్‌కే ఫిర్యాదు వెళ్లాలి, కేసు ఎక్కడ నడిచిందన్నది ముఖ్యం కాదు. వకాలత్ కాగితం మీద ఎన్‌రోల్‌మెంట్ నంబర్ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు ఇప్పుడు వేర్వేరు కౌన్సిళ్లు. ఉమ్మడి రాష్ట్రంలో ఎన్‌రోల్ అయినవాళ్ల నంబర్ ముందు ఏపీ అని ఉన్నా, ఇప్పుడు వాళ్లు ఏ రోల్‌లో ఉన్నారో కౌన్సిల్ ఆఫీసులో ఒకసారి అడగండి. తప్పు కౌన్సిల్‌కు పంపితే నెలలు వృథా.

5. ఫిర్యాదు రాయడం

ఫిర్యాదు ఉత్తరంలా కాదు, పిటిషన్ రూపంలో ఉండాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో చెప్పినట్టు చివర వెరిఫికేషన్, అంటే పైన రాసినవి నిజమన్న ధ్రువీకరణ రాసి సంతకం పెట్టాలి. నిర్ణీత ఫీజు కట్టాలి. ఎంత, ఏ రూపంలో, ఎన్ని కాపీలు అనేది ఆఫీసులో కనుక్కుని మరీ వెళ్లండి. రాష్ట్ర భాషలో రాయొచ్చని నియమాల్లోనే ఉంది, కాబట్టి తెలుగులో రాస్తే తీసుకోరన్న మాట నమ్మకండి. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినప్పుడు ఎవరితోనో రాయించుకుని, అందులో ఏముందో తెలియక రేపు విచారణలో తడబడేకంటే, మీ మాటల్లో మీకు అర్థమయ్యేలా తెలుగులో రాయడమే మంచిది.

మొదటి పేరాలో మీరు ఎవరు, లాయర్ పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబర్, కేసు నంబర్, వకాలత్ ఇచ్చిన తేదీ. తరువాత నేరుగా తేదీల వారీగా రెండు నిలువు గళ్ల పట్టిక వేయండి. ఎడమ వైపు "లాయర్ నాకు చెప్పింది", కుడి వైపు "రికార్డులో ఉన్నది". ఉదాహరణకు ఎడమ వైపు: "మార్చి 12, వాట్సాప్‌లో: కేసు వాదనలకు వచ్చింది, స్టాంపు ఖర్చులకు డబ్బు పంపండి." కుడి వైపు: "మార్చి 12 నాటికి ఈ పేరుతో కోర్టులో ఏ దావా నంబర్ కాలేదు. జతపరిచిన పత్రం 4." ఇలాంటివి ఆరేడు వరుసలుంటే, చదివేవాళ్లకు మీరు వేరే ఏమీ చెప్పనక్కర్లేదు. మోసం అనే మాట మీరు రాయకపోయినా వాళ్లకే తడుతుంది.

పట్టిక తరువాత ఆరోపణలు విడివిడిగా రాయండి. "కేసు వేయకుండా వేశానని చెప్పారు" ఒకటి. "కోర్టు ఫీజు పేరిట తీసుకున్న సొమ్ముకు లెక్క చెప్పలేదు" మరొకటి. అన్నీ కలిపి ఒకే ముద్దగా రాస్తే, విచారణలో ఒకటి వీగిపోయినప్పుడు మిగతావాటిని కూడా లాక్కుపోతుంది. ఈ విచారణను దాదాపు క్రిమినల్ విచారణ లాంటిదిగానే కోర్టులు చూస్తాయి. అనుమానం చాలదు, ప్రతి ఆరోపణా గట్టిగా రుజువు కావాలి. రుజువు లేని మూడు ఆరోపణల కంటే రుజువున్న ఒక్కటి మేలు.

లాయర్ కులం, కుటుంబం, తాగుడు, రాజకీయ సంబంధాలు ఇందులో రాయకండి. జడ్జి మీద వ్యాఖ్యలు వద్దు. "నాకు 20 లక్షలు నష్టం, ఇప్పించండి" అన్న కోరిక కూడా ఇక్కడ నెరవేరేది కాదు. చట్ట ప్రకారం విచారణ జరిపి చర్య తీసుకోమని అడిగితే చాలు. ఫిర్యాదు చేయడానికి చట్టంలో ఇన్నేళ్లని గడువు లేదు. అయినా ఆలస్యమైతే ఎందుకైందో ఒక పేరాలో చెప్పండి, ఎలాగూ అడుగుతారు.

జడ్జి పేరు చెప్పి డబ్బు తీసుకున్నారా?

దీన్ని విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో మీకూ ప్రమాదం ఉంది. రాజస్థాన్‌లో ఒక లాయర్ తన క్లయింట్‌కు ఉత్తరం రాశాడు: జడ్జి లంచం తీసుకుంటాడని విన్నాను, 10,000 రూపాయలు పంపండి అని. డబ్బు చేతులు మారినట్టు రుజువు అక్కర్లేకపోయింది, ఆ ఉత్తరమే చాలింది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా మొదట ప్రాక్టీసు నుంచి శాశ్వతంగా తప్పించి, తరువాత రివ్యూలో మందలింపుకు దిగొచ్చింది. 2001లో సుప్రీంకోర్టు ఆ రివ్యూను కొట్టేసి శాశ్వత నిషేధాన్నే నిలబెట్టింది.

అడిగితే ఇవ్వకుండా ఫిర్యాదు చేసినవాళ్లకు ఇబ్బంది లేదు. ఇచ్చేసినవాళ్ల సంగతి వేరు. 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం ప్రకారం లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతం మీద ఇచ్చి, 7 రోజుల్లో పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పినవాళ్లకే మినహాయింపు. అందుకే ఈ రకం ఫిర్యాదు రాసే ముందు వేరే ఊరి లాయర్ ఎవరితోనైనా కూర్చుని మాట్లాడండి. పిటిషన్‌లో రాసిన ప్రతి వాక్యం మీ వాంగ్మూలం అవుతుంది.

6. ఇచ్చిన తరువాత ఏం జరుగుతుంది

ఆఫీసులో ముందు పరిశీలిస్తారు. లోపాలుంటే సరిచేయమంటారు. తరువాత ఫిర్యాదు బార్ కౌన్సిల్ ముందుకు వెళ్తుంది. కౌన్సిల్ మీ నుంచి మరిన్ని వివరాలు, లాయర్ నుంచి వివరణ అడగొచ్చు. విషయం ఉందనిపిస్తే క్రమశిక్షణ కమిటీకి పంపుతుంది. కమిటీలో ముగ్గురుంటారు: కౌన్సిల్ సభ్యుల్లోంచి ఎన్నికైన ఇద్దరు, బయటి నుంచి తీసుకున్న ఒక లాయర్. రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయవాది అయిన అడ్వకేట్ జనరల్‌కు కూడా నోటీసు వెళ్తుంది.

"లాయర్లే లాయర్‌ను విచారిస్తే న్యాయం ఏం జరుగుతుంది?" అన్న అనుమానం తప్పేమీ కాదు. నాకూ ఈ పద్ధతి పూర్తిగా నచ్చదు. కానీ ఆ ముగ్గురికీ డాకెట్ షీట్ చదవడం వచ్చు, చెక్ పిటిషన్‌లో ఎక్కడ చూడాలో తెలుసు. సాకులు వాళ్లకు కొత్త కాదు. రికార్డుతో వెళ్లినవాళ్లకు ఇది అనుకూలమే. పైగా అప్పీల్ చివరికి సుప్రీంకోర్టు దాకా వెళ్తుందని కమిటీకీ తెలుసు.

విచారణ ఎక్కువగా పత్రాలు, అఫిడవిట్ల మీదే నడుస్తుంది. అవసరమనుకుంటే కమిటీ క్రాస్ ఎగ్జామినేషన్‌కు అనుమతిస్తుంది, సాక్షుల్ని పిలుస్తుంది. సమన్లు పంపడంలో, పత్రాలు తెప్పించడంలో దానికి సివిల్ కోర్టు అధికారాలున్నాయి. బ్యాంకు కాగితాలు మీ చేతికి రాకపోతే, వాటిని తెప్పించమని కమిటీని అడగండి. మీ తరఫున లాయర్‌ను పెట్టుకోవచ్చు, మీరే మాట్లాడొచ్చు. వాయిదాకు మాత్రం తప్పకుండా వెళ్లండి.

మధ్యలో రాజీకి మనుషులు వస్తారు, ఇది దాదాపు ఖాయం. "డబ్బు ఇచ్చేస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకో" అంటారు. మీ డబ్బు మీరు తీసుకోవడంలో తప్పు లేదు, బ్యాంకు ద్వారా తీసుకోండి. అయితే ఫిర్యాదుదారు వెనక్కి తగ్గాడనో, రాజీ కుదిరిందనో ఆ ఒక్క కారణంతోనే విచారణ ఆపకూడదని నియమాలు చెబుతున్నాయి. కాబట్టి "నేను వెనక్కి తీసుకుంటే ఇక ఏమీ ఉండదు" అని మాటిచ్చి ఇరుక్కోకండి. "ఆరోపణలన్నీ అబద్ధం, కోపంలో రాశాను" అని రాసిన కాగితం తెస్తారు. దాని మీద మాత్రం సంతకం పెట్టకండి.

రాష్ట్ర కమిటీ ఏడాదిలోగా తేల్చాలని చట్టంలోని 36బి సెక్షన్. తేలకపోతే కేసు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ అవుతుంది. ఫైళ్లు ఏళ్ల తరబడి పడి ఉంటున్నాయని గమనించిన సుప్రీంకోర్టు, ఈ ఏడాది గడువును కచ్చితంగా పాటించాలని, బదిలీ అయిన వాటిని కూడా ఏడాదిలో ముగించాలని 2021 డిసెంబరులో ఆదేశించింది. ఏడాది దాటగానే ఈ సెక్షన్ గుర్తుచేస్తూ ఒక ఉత్తరం పెట్టండి. అడగనివాళ్ల ఫైలు అడుగునే ఉంటుంది.

ఏ శిక్ష పడుతుంది, డబ్బు సంగతేమిటి

కమిటీ ఫిర్యాదును కొట్టేయొచ్చు, లాయర్‌ను మందలించొచ్చు, కొంతకాలం సస్పెండ్ చేయొచ్చు, లేదా రోల్ నుంచి పేరు తీసేయొచ్చు. ఎంతలో ఏది పడుతుందో రెండు కేసులు చూస్తే ఒక అంచనా వస్తుంది.

మొదటిది 1970ల నాటిది, తమిళనాడుది. వినికిడి లేని ఒక పెద్దాయన, ఆయన భార్య ప్రామిసరీ నోట్ల మీద దావాలు వేయమని లాయర్‌కు డబ్బు, నోట్లు ఇచ్చారు. దావాలు నడుస్తున్నాయని చెబుతూ లాయర్ వాయిదా తేదీలు కూడా ఇస్తూ పోయాడు. రాష్ట్ర కౌన్సిల్ వేసిన 6 ఏళ్ల సస్పెన్షన్‌ను బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఏడాదికి తగ్గించింది. సుప్రీంకోర్టులో మెజారిటీ తీర్పు ఇంకాస్త సడలించి, బాధితుడికి కొంత సొమ్ము చెల్లించాలని, పేదలకు ఉచిత న్యాయ సహాయం చేయాలని షరతులు పెట్టింది. ఒక న్యాయమూర్తి దీనితో ఏకీభవించలేదు, నాకు ఆయన మాటే సబబనిపిస్తుంది.

రెండోది ఉత్తరప్రదేశ్‌ది. చదువురాని ఒక వృద్ధుడి భూసేకరణ పరిహారం 8,118 రూపాయలు కోర్టులో జమ అయితే, లాయర్ 1987లో దాన్ని తీసుకుని చెప్పలేదు. ఫిర్యాదు వెళ్లాక, రాజీ కుదిరిందంటూ ఆ వృద్ధుడి పేరిట దొంగ అఫిడవిట్ పెట్టాడు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 3 ఏళ్లు సస్పెండ్ చేస్తే, అప్పీల్‌కు వెళ్లిన లాయర్‌కు సుప్రీంకోర్టులో ఎదురు తిరిగింది. క్లయింట్ సొమ్ము కాజేయడం అత్యంత ఘోరమైన దుష్ప్రవర్తనల్లో ఒకటంటూ, 2002లో కోర్టు ఆయన పేరునే రోల్ నుంచి తీసేయించింది. మొత్తం చిన్నదా పెద్దదా అని చూడలేదు.

మీ డబ్బు తిరిగి ఇప్పించడం బార్ కౌన్సిల్ పని కాదు, అది వేరే దారి. సొమ్ము కాజేసినా, సంతకం ఫోర్జరీ చేసినా పోలీసు ఫిర్యాదు ఇవ్వొచ్చు. 2024 జులై 1 నుంచి జరిగిన వాటికి భారతీయ న్యాయ సంహిత, అంతకుముందు వాటికి పాత శిక్షా చట్టం ఐపీసీ వర్తిస్తాయి. డబ్బు వసూలుకు సివిల్ దావా వేయాలి, సాధారణంగా 3 ఏళ్ల గడువు. బార్ కౌన్సిల్‌లో తేలేదాకా ఆగుదామనుకుంటే ఆ గడువు దాటిపోతుంది, రెండూ పక్కపక్కనే నడపండి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని ఎవరైనా సలహా ఇస్తే అది పాత మాట. లాయర్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు చెప్పింది.

7. ఆర్డర్ నచ్చకపోతే

ఫిర్యాదు కొట్టేసినా, శిక్ష మరీ తక్కువ అనిపించినా, ఆర్డర్ మీకు అందిన తేదీ నుంచి 60 రోజుల్లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు అప్పీల్ చేయొచ్చు. అక్కడి ఆర్డర్ మీద మళ్లీ 60 రోజుల్లో సుప్రీంకోర్టుకు. లాయర్ కూడా ఇదే దారిలో వెళ్తాడు, శిక్ష మీద స్టే అడుగుతాడు. నోటీసు వస్తే పక్కన పడేయకండి. కింద గెలిచాం కదా అని మీరు హాజరు కాకపోతే, ఆయన చెప్పిన కథ ఒక్కటే అక్కడ వినిపిస్తుంది. ఇల్లు మారితే కొత్త చిరునామా రెండు కౌన్సిళ్లకూ రాతపూర్వకంగా ఇవ్వండి, ఆర్డర్ వచ్చిన కవరు కూడా దాచండి. 60 రోజుల లెక్కలో పేచీ వస్తే దాని మీద ఉన్న పోస్టు ముద్రే చూస్తారు.